బట్టల మూటలో రాజ్యం

హిందూపురంలో రైలెక్కి ఉత్తరానికి వెళితే పెనుకొండ, ధర్మవరం, అనంతపురం దాటి గుత్తి వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు వేరుశనగ చేలు, చెరువు కట్టలు, బండరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. ఈ దారిలో రెండు పెద్ద కొండకోటలున్నాయి. ఒకటి పెనుకొండ, రెండోది గుత్తి. శత్రువులను ఆపడానికి కట్టిన ఈ కోటలు విజయనగర కాలంలో ఇంకో పనికి కూడా వచ్చాయి. సింహాసనానికి హక్కున్న వారసులను బయటి ప్రపంచం కంటపడకుండా దాచి ఉంచడానికి.

దాచినవాళ్లు బలహీనులు కారు. సైన్యం వాళ్లదే, బొక్కసం వాళ్లదే, కోట తాళాలూ వాళ్ల చేతిలోనివే. ఎదుట ఉన్నవాడు చాలాసార్లు మీసం రాని కుర్రాడు. అయినా ఆ కుర్రాడు బతికున్నంత కాలం వాళ్లకు కంటి మీద కునుకు లేదు. ఎందుకు?

ప్రపంచమంతా చదివే ఫాంటసీ నవలల నడుమ కూడా ఈ ప్రశ్నే ఉంటుంది. కొండలను కూల్చగల మాంత్రిక చక్రవర్తి, చేతిలో కత్తి తప్ప మరేమీ లేని ఒక దేశదిమ్మరి పేరు వినగానే ఉలిక్కిపడతాడు. ఆ దేశదిమ్మరి పాత రాజవంశానికి చివరి వారసుడు. పుస్తకం చదివే పిల్లలకు అది కథకోసం కల్పించిన భయంలా అనిపించవచ్చు. పెనుకొండ చరిత్ర తెలిసినవాళ్లకు అలా అనిపించదు.

చీకటి ప్రభువు ఎందుకు తొందరపడ్డాడు

ఇలాంటి కథల్లో అందరికీ తెలిసినది జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. అందులో సౌరాన్ అనే చీకటి ప్రభువు తన శక్తిలో పెద్ద భాగాన్ని ఒక ఉంగరంలో పెట్టాడు. పూర్వం ఒక యుద్ధంలో ఇసిల్దూర్ అనే రాజకుమారుడు విరిగిన కత్తితోనే అతని చేతి నుంచి ఆ ఉంగరాన్ని కోసి తీసుకున్నాడు. వేల ఏళ్ల తర్వాత ఇసిల్దూర్ వంశంలో మిగిలిన ఆరగార్న్ అడవుల్లో తిరుగుతూ, పేరు దాచుకుని బతుకుతుంటాడు. గాండోర్ రాజ్యంలో సింహాసనం ఖాళీగా ఉంటుంది. రాజు తిరిగొచ్చే దాకా చూసుకుంటామంటూ మంత్రుల వంశం తరాల తరబడి పాలిస్తుంటుంది.

ఆరగార్న్ ఒక మాయా గోళంలోకి చూసి, అవతల ఉన్న సౌరాన్‌కు తన ముఖాన్నీ, మళ్లీ అతికించిన ఆ పాత కత్తినీ చూపిస్తాడు. ఇసిల్దూర్ వారసుడు బతికే ఉన్నాడని సౌరాన్‌కు అప్పుడే తెలుస్తుంది. అంతవరకు నిదానంగా పావులు కదిపినవాడు, సన్నాహాలు పూర్తికాకముందే సైన్యాన్ని కదిలిస్తాడు. అతని భయానికి కథలోనే కారణాలు దొరుకుతాయి. తనను ఒకసారి పడగొట్టిన వంశం ఇది. చెల్లాచెదురైన రాజ్యాలు ఈ ఒక్క పేరు కింద కూడగట్టుకోగలవు. పూర్వం రాజుకు ఇచ్చిన మాట తప్పి, చచ్చినా శాంతి లేక తిరిగే ప్రేతసేన కూడా ఆ రాజు వారసుడు పిలిస్తేనే కదులుతుంది. సౌరాన్ ఎంత మంత్రం వేసినా ఆ పిలుపు అతని గొంతులోంచి రాదు.

సి.ఎస్. లూయిస్ 1950లో వెలువరించిన నార్నియా కథలో తెల్ల మంత్రగత్తె భయం కూడా ఇదే జాతికి చెందింది. సముద్రం ఒడ్డున ఒక కోటలో నాలుగు ఖాళీ సింహాసనాలుంటాయి. వాటి మీద నలుగురు మనుషుల పిల్లలు కూర్చున్న రోజు తన పాలన ముగుస్తుందని ఆమెకు తెలుసు. అందుకే దారి తప్పి ఆ లోకంలోకి వచ్చిన పసిపిల్లలను వెంటాడుతుంది.

మనకు ఈ ముచ్చట కొత్తదేమీ కాదు. ఉగ్రసేనుణ్ని చెరలో పెట్టి మధురను ఏలిన కంసుడికి చెల్లెలి కడుపులోని బిడ్డే మృత్యువై కనిపించాడు. జూదంలో అంతా గెలుచుకున్న దుర్యోధనుడు, అజ్ఞాతవాసంలో ఉన్న అయిదుగురి జాడ కోసం ఊరూరా వేగులను తిప్పాడు. గెలిచినవాడు నిశ్చింతగా ఉండాలి కదా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీళ్ల భయమే వీళ్ల మీద సాక్ష్యం చెప్పింది.

పెనుకొండలో ఒక రాజు

ఇప్పుడు కథల నుంచి శాసనాల దగ్గరకు వద్దాం. సాళువ నరసింహరాయలు 1491లో చనిపోతూ తన ఇద్దరు కొడుకులనూ సేనాపతి తుళువ నరస నాయకుడి చేతిలో పెట్టాడు. పెద్దవాడు కొద్ది కాలానికే హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు రాజయ్యాడు. అయితే అధికారమంతా నరస నాయకుడిదే. ఇద్దరికీ చెడిన తర్వాత నరస నాయకుడు ఆ కుర్ర రాజును పెనుకొండకు తరలించి కాపలా పెట్టాడు. 1530లలో విజయనగరంలో ఉండి ఈ చరిత్ర రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, ఆ కాపలాకు ఇరవై వేల మందిని నిలిపారని చెప్పాడు. అంకె పెద్దదిగా తోచవచ్చు. ఒక్క కుర్రాడి చుట్టూ అంతటి కాపలా ఉందని అప్పటి జనం చెప్పుకోవడమే, పాలించేవాడి గుండెలో ఏముందో తెలుపుతుంది.

1505లో ఇమ్మడి నరసింహుడు పెనుకొండలోనే హత్యకు గురయ్యాడు. నరస నాయకుడి కొడుకు వీరనరసింహుడు తన పేరుతోనే రాజయ్యాడు. తమ్ముడు శ్రీకృష్ణదేవరాయలు తనకు పోటీ రాగలడని అతనూ భయపడ్డాడు. తమ్ముడి కళ్లు పీకించి తెమ్మని ఆజ్ఞాపిస్తే మంత్రి తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించాడన్న కథ నూనిజ్ రాతల్లోనే ఉంది. తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది.

ఆ భయం కృష్ణదేవరాయలనూ వదల్లేదు. 1509లో సింహాసనం ఎక్కిన తర్వాత సోదరులను చంద్రగిరి కోటలో ఉంచాడు. వాళ్లలో ఒకడైన అచ్యుతరాయలు ఇరవై ఏళ్లు అక్కడే గడిపి, 1529లో అన్న పోయాకే బయటికొచ్చి రాజయ్యాడు. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయం ఆ అచ్యుతరాయల కాలంలో పెనుకొండ అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించినది. రాజు ఆగ్రహానికి గురైన విరూపణ్ణ తన కళ్లను తానే పెరికి గోడకేసి కొట్టాడని చెబుతూ అక్కడ గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. ఇంత గొప్ప పాలకుల కాలం చుట్టూ కూడా చెరల కథలు, కళ్లు పోయిన కథలు అల్లుకుని ఉన్నాయి. సింహాసనం పక్కన నిలబడిన ప్రతి రక్తసంబంధీ ఆనాటి రాజుకు పక్కలో బల్లెమే.

ఏడాదికి ఒకసారి దర్శనం

1542లో అచ్యుతరాయలు పోయాక అతని కొడుకు చిన్న వేంకటుడు రాజయ్యాడు. మేనమామ సలకరాజు చిన తిరుమలరాజు ఆ బాలుణ్ని చంపించి రాజ్యం తీసుకున్నాడు. అప్పుడు ఆరవీటి రామరాయలు గుత్తి కోటలో ఉన్న సదాశివరాయలను విడిపించి, న్యాయమైన రాజు ఇతనేనని ప్రకటించాడు. సలకరాజు అంతమయ్యాడు. ఇక్కడిదాకా చూస్తే రామరాయలు కథానాయకుడు.

తర్వాత జరిగింది వేరు. రామరాయలు కృష్ణదేవరాయల అల్లుడు. కన్నడంలో అల్లుణ్ని అళియ అంటారు కాబట్టి అళియ రామరాయలన్న పేరు స్థిరపడింది. అల్లుడికి తుళువ వంశపు రక్తం లేదు. సింహాసనం మీద తాను కూర్చుంటే ఒప్పుకోని నాయకులున్నారు. అందుకని సదాశివుణ్ని పేరుకు రాజుగా ఉంచి, కొన్నేళ్లకు కాపలాలో పెట్టి, తమ్ముళ్లతో కలిసి రాజ్యం నడిపాడు. 1567లో విజయనగరానికి వచ్చిన వెనిస్ వ్యాపారి చెజారే ఫెడరిచి ఈ సంగతి రాశాడు. ముగ్గురన్నదమ్ములు అసలు రాజును చెరలో పెట్టి ఏలారనీ, ఏడాదికి ఒకసారి మాత్రం అతణ్ని జనానికి చూపించేవారనీ అతని మాట.

ఏడాదికి ఒకసారి! ఉత్సవమూర్తిని బయటికి తెచ్చినట్టు, బతికున్న రాజును బయటికి తెచ్చి మళ్లీ లోపల పెట్టేవారు. అతణ్ని పూర్తిగా దాచేస్తే జనం అడుగుతారు. వదిలేస్తే జనం అతని వెనకే నడుస్తారు. మింగలేక కక్కలేక ఉన్న ఆ అవస్థే ఆ వార్షిక దర్శనం.

తామ్ర శాసనాల్లోనూ ఇదే కనిపిస్తుంది. దానం ఇచ్చేది సదాశివరాయలు. ఇవ్వమని విన్నవించేది రామరాయలు. నిర్ణయం ఎవరిదో అందరికీ తెలుసు, పేరు మాత్రం రాజుది. రైతు పొలానికీ, గుడి మాన్యానికీ, నాయకుడి అమర భూమికీ ఆ పేరే ఆధారం. రామరాయల చేతిలో ఉన్నది అరువు తెచ్చుకున్న అధికారం. అప్పిచ్చినవాడు ఎదురుగా బతికే ఉన్నాడు.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకుని దక్షిణానికి తరలాడు. తనతోపాటు బందీ రాజు సదాశివుణ్నీ తీసుకొచ్చాడు. హంపీ పాడుబడుతుండగా పెనుకొండ రాజధాని అయింది. అంతటి ఓటమిలో కూడా విడిచిపెట్టకుండా తెచ్చుకున్నవి రెండే. ఒకటి ధనం, రెండోది ఆ పేరు. 1567 నాటి కృష్ణాపురం శాసనం ఇంకా సదాశివుడి పేరుతోనే వెలువడింది. తిరుమలరాయలు తన సొంత పేరుతో పట్టాభిషేకం చేసుకోవడానికి దాదాపు 1570 దాకా ఆగాల్సి వచ్చింది. సదాశివుణ్ని తిరుమలరాయల కొడుకే చెరలో చంపించాడని ఫెడరిచి రాశాడు.

అసలు భయం ఎక్కడ పుడుతుంది

విజయనగరం నిలబడింది నాయకుల మీద. భూమి ఇచ్చినందుకు బదులుగా సైన్యాన్ని పోషిస్తామనీ, పిలిస్తే వస్తామనీ వాళ్లు రాజుకు మాట ఇచ్చేవారు. ఆ మాట రాజవంశానికి ఇచ్చినది. దాన్ని బలంతో లాక్కున్నవాడు ఎదుట నిలబడితే ప్రతి నాయకుడికీ ఒకటే ఆలోచన వస్తుంది. బలమే హక్కయితే నాకూ బలం ఉంది కదా, నేనెందుకు కాకూడదు? సింహాసనాన్ని లాక్కున్నవాడు తెలియకుండానే మిగతా అందరికీ అదే దారి చూపిస్తాడు. హక్కున్న వారసుడు బతికుంటే ఆ దారికి ఒక జెండా కూడా దొరుకుతుంది.

టోల్కీన్ కథలోని ప్రేతసేనకు వెనక ఉన్నది ఈ లెక్కే. మాట ఎవరికి ఇచ్చారో వాళ్ల వంశం పిలిస్తేనే ఆ మాట లేచి నడుస్తుంది.

ఖాళీ సింహాసనం పక్కన మరోలా నిలబడవచ్చని మన రామాయణం చూపించింది. భరతుడు పాదుకలను సింహాసనం మీద పెట్టి, నందిగ్రామంలో ఉండి పద్నాలుగేళ్లు రాజ్యం చూసుకున్నాడు. అతనికి రాముడంటే భయం లేదు. రాముడు రావడమే అతను కోరుకున్నది. రామరాయలు, భరతుడు ఇద్దరూ ఇంకొకరి పేరుతో ఏలినవాళ్లే. ఒకరు ఆ పేరును బంధించారు, ఇంకొకరు దానికి దండం పెట్టారు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో రామాయణ కథను ఇప్పటికీ తోలుబొమ్మలతో ఆడతారు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు ఆ ఊరి కళాకారుడే. దీపం వెలుగులో తెల్లటి తెర మీద పది తలల రావణుడు తెరంతా ఆక్రమిస్తాడు. రాముడి బొమ్మ అంత పెద్దది కాదు. అయినా తెర ముందు కూర్చున్న పిల్లలకు ఎవరు ఎవరికి భయపడాలో ఎవరూ చెప్పనక్కర లేదు.

మాయల ఫకీరు కథా ఇదే పాఠం చెబుతుంది. బాలనాగమ్మను ఎత్తుకుపోయి, వెతుక్కుంటూ వచ్చిన వీరులందరినీ రాళ్లుగా మార్చేశాడు వాడు. వాడి ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. సౌరాన్ ఉంగరం, మాయల ఫకీరు చిలక ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. ప్రాణాన్ని తన ఒంట్లో ఉంచుకోవడానికే భయపడేవాడు ఎంత బలవంతుడైనా లోలోపల పిరికివాడే. వాణ్ని అంతం చేసింది వీరులు కాదు, వాళ్ల ఇంట మిగిలిన పసివాడు బాలవర్ధి. 1942లో జెమినీ సంస్థ ఈ కథను సినిమాగా తీసింది. 1959లో మళ్లీ వచ్చినప్పుడు ఎన్.టి. రామారావు, అంజలీదేవి, ఎస్.వి. రంగారావు నటించారు.

చూడాల్సిన చోట చూడని కళ్లు

ఈ భయంలో ఇంకో గుణం ఉంది. అది మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది. తెలుగువాళ్ల చరిత్రలో దీనికి 1614 నాటి సంఘటనను మించిన ఉదాహరణ లేదు.

పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు రాజధాని మారిన రోజులవి. వేంకటపతిరాయలు ఇరవై ఎనిమిదేళ్లు పాలించి 1614 అక్టోబరులో చనిపోయాడు. చనిపోయే ముందు అన్న కొడుకు శ్రీరంగరాయలను వారసుడిగా ప్రకటించాడు. రాణి సోదరుడైన గొబ్బూరి జగ్గరాయలు దానికి ఒప్పుకోలేదు. రాణి కొడుకుగా చూపించిన ఒక పిల్లవాణ్ని సింహాసనం ఎక్కించాలని, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా కోటలో బంధించాడు. నాయకులు చాలామంది బలం ఉన్న వైపు మొగ్గారు. వెలుగోటి యాచమనాయుడు ఒక్కడు అడ్డం తిరిగాడు.

కాపలా గట్టిగా ఉంది. లోపలికి సైనికుడు పోలేడు, రాయబారి పోలేడు. మాసిన బట్టలు తీసుకెళ్లే చాకలి మాత్రం పోగలడు. శ్రీరంగరాయల రెండో కొడుకు రామదేవుడికి అప్పుడు పన్నెండేళ్లు ఉంటాయి. యాచమనాయుడి మాట మీద ఆ చాకలి, కుర్రాణ్ని బట్టల మూటలో పెట్టుకుని కాపలావాళ్ల ముందు నుంచే నడిచి బయటికొచ్చాడు. పోర్చుగీసు మతగురువు మాన్యుయెల్ బర్రడాస్ 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఇది నమోదైంది.

జగ్గరాయల భయం ఆ తర్వాత ఘోరానికి దిగింది. శ్రీరంగరాయల కుటుంబమంతా కోటలోనే ప్రాణాలు కోల్పోయింది. చంపితే సమస్య తీరుతుందనుకున్నాడు. తీరలేదు. అంతవరకు తటస్థంగా ఉన్నవాళ్లకు కూడా కడుపు మండింది. తంజావూరు రఘునాథ నాయకుడు యాచమనాయుడితో కలిశాడు. మదురై, జింజి నాయకులు జగ్గరాయల వైపు నిలిచారు. తిరుచిరాపల్లికి దగ్గరలోని తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయలు చనిపోయాడు. మూటలో బయటపడ్డ రామదేవుడు రాజయ్యాడు.

టోల్కీన్ నవల ముగింపులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆరగార్న్ ఏడు వేలైనా నిండని సేనతో సౌరాన్ కోట తలుపు దగ్గరికి వెళతాడు. గెలవడానికి అది చాలదని అతనికి తెలుసు. సౌరాన్ చూపంతా రాజు మీద ఉండాలి, అంతే కావాలి. ఆ చూపు రాజు మీద ఉన్నప్పుడు, ఫ్రోడో, శామ్ అనే ఇద్దరు పొట్టి మనుషులు చిరిగిన బట్టలతో అతని రాజ్యం మధ్యలోంచి నడిచి, ఉంగరం కరిగే మంటకొండ దాకా చేరుకుంటారు. రాజుకు భయపడ్డవాడు పనివాణ్ని లెక్కచేయలేదు. వేలూరు కోట కాపలావాళ్లు కూడా మూట మోస్తున్నవాణ్ని మనిషిగా చూసి ఉంటే ఆపేవాళ్లు.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. పుట్టుకతో వచ్చిన హక్కు మంచి పాలనకు హామీ కాదు. ఇమ్మడి నరసింహుడి తండ్రి సాళువ నరసింహుడు కూడా 1485లో సంగమ వంశం నుంచి సింహాసనాన్ని లాక్కున్నవాడే. ఇమ్మడి నరసింహుణ్ని తప్పించి గద్దెనెక్కిన తుళువ ఇంట్లోనే శ్రీకృష్ణదేవరాయలు పుట్టాడు. జనం ఆయన్ను వంశం చూసి కాక, పాలన చూసి రాజుగా ఒప్పుకున్నారు. మంచి ఫాంటసీ రచయితలూ ఈ తేడా ఎరిగినవాళ్లే. ఆరగార్న్ యుద్ధం గెలిచాక నేరుగా సింహాసనం ఎక్కడు. నగరం బయటే ఆగి, గాయపడ్డవాళ్లకు వైద్యం చేయడానికి లోపలికి వస్తాడు. వీడే మన రాజన్న మాట మొదట పుట్టేది ఆ మంచాల దగ్గరే. చీకటి ప్రభువు బలంతో సంపాదించలేనిది ఆ ఒప్పుకోలునే. అది తనకు ఎన్నటికీ దక్కదని అతనికి తెలుసు. వారసుడి ముఖంలో అతనికి కనిపించేది అదే.

పెనుకొండ నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గగన్ మహల్, బాబయ్య దర్గా, కొండ మీది బురుజులు చూడటానికి వచ్చేవాళ్లు కృష్ణదేవరాయల పేరు వింటారు. పిల్లలను తీసుకెళ్లినవాళ్లు ఇమ్మడి నరసింహుడి పేరు, సదాశివరాయల పేరు కూడా చెప్పాలి. ఆ రాళ్ల మధ్య రాజులుగా పిలిపించుకుంటూ బందీలుగా బతికినవాళ్లు వాళ్లు. వీలుంటే వేలూరు సంగతీ చెప్పాలి. బర్రడాస్ ఉత్తరంలో జగ్గరాయలు, యాచమనాయుడు, శ్రీరంగరాయలు అందరూ పేర్లతో ఉన్నారు. కుర్రాణ్ని మూటలో మోసుకొచ్చినవాడు మాత్రం అందులో చాకలిగానే మిగిలాడు.